గూడ్సు బండి వెళ్ళేదాకా

ఆ ఎండాకాలం నాకు ఐదుగురు పిల్లల్ని అప్పజెప్పి మా బడి హెడ్మాస్టరు వామనరావు సారు మంథని వెళ్ళిపోయారు.

నేను ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషిని. పన్నెండేళ్ళుగా గరిటె పట్టుకున్నదాన్నే గాని, పుస్తకం పట్టుకుని ఎవరికీ చదువు చెప్పింది లేదు. నేను పదో తరగతి పాసయ్యానన్న సంగతి గోదావరిఖనిలో సగం మంది చుట్టాలకే తెలియదు. సారుకు ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు పొయ్యి పక్కన కూర్చుని, అట్ట ఊడిన కథల పుస్తకమొకటి చదువుకుంటూ వంద మంది పిల్లల పప్పు మాడబెట్టాను. ఆయన తిట్టలేదు. ఏం పుస్తకమని మాత్రం అడిగారు. ఏప్రిల్‌లో బడి మూసే ముందురోజు హెడ్మాస్టరు గదిలోకి పిలిపించారు.

"మల్లక్కా, ఈ ఐదుగురికి మూడో తరగతి అయిపోయింది. ఒక్కరు సుత సక్కగ వాక్యం చదువరు. సెలవులల్ల రోజు రెండు గంటలు మీ ఇంట్ల కూర్చోబెట్టుకో. అక్షరాలు దిద్దించుడు కాదు, కథలు చదివించు."

"నేనా సారూ? నాకేం వస్తది?"

"పప్పు మాడేదాక చదివినవు. గంత ఇష్టముంటే చాలు."

పన్నెండు పుస్తకాలు, ఒక కాగితం చేతిలో పెట్టారు. కాగితం మీద ఐదు పేర్లు. నాలుగింటి ఎదురుగా 'పదాలు చదవగలరు' అని ఉంది. ఐదో పేరు సహస్ర. దాని ఎదురుగా 'అక్షరాలు కూడా రావు' అని రాసి కింద గీత గీశారు.

"ఈ పిల్ల సంగతి వేరే," అన్నారు. "మూడుసార్లు పరీక్ష పెట్టిన. పెదవులు కదుపుతది, అంతే. కరీంనగర్‌ల ఇసొంటి పిల్లలకు వేరే బడి ఉన్నది, హాస్టల్ తోటి. వాళ్ళ నాయనకు దరఖాస్తు ఇచ్చిన. బడి తెరిచిననాడు మళ్ళ చదివిస్త. ఒక్క పేజీ చదివితే ఇక్కడ్నే నాలుగో తరగతి. లేకపోతే పంపుడే."

ఎనిమిదేళ్ళ పిల్లను హాస్టలుకు పంపాలా వద్దా అన్నది గరిటె తిప్పే నా చేతికి వచ్చిందని తలచుకుంటే భయమేసింది. అయినా ఒప్పుకున్నాను. నా కారణం నాకుంది. బడి మూస్తే నాతో మాట్లాడే దిక్కు లేదు. బొగ్గు బాయిలో షిఫ్టులు చేసిన మా ఆయన సదయ్య చనిపోయి రెండేళ్ళు. కూతురు తిరుమల బసంత్‌నగర్‌లో ఉంటుంది. బస్సెక్కితే ఎంతో దూరం కాదు, అయినా రాదు. ఫోను చేస్తే "తిన్నవా" అంటాను, "తిన్న" అంటుంది, నిమిషంలో అయిపోతుంది. అది కూడా గొణుగుతున్నట్టు మాట్లాడుతుంది. పక్కన అత్త ఉందేమో అనుకునేదాన్ని. నామీద ఏదో కోపం ఉందేమో అని కూడా అనుకునేదాన్ని. సెలవుల్లో ఒక్కోరోజు పొద్దుగూకాక గాని గుర్తొచ్చేది కాదు, ఆ రోజంతా నేను నోరు తెరవలేదని.

మే నెల మొదటి రోజునుంచి పొద్దున ఎనిమిదింటికి పిల్లలు వచ్చేవారు. ముందు వసారాలో చాపలు పరిచేదాన్ని. మా గోడకు ఆనుకుని రఘుపతి వాళ్ళ ఇల్లు. అతను నైట్ షిఫ్టు చేసొచ్చి అప్పుడే పడుకునేవాడు. కిషన్ అనే పిల్లవాడికి గొంతు పెద్దది. వాడు "కా... కి..." అని మొదలుపెట్టగానే నేను మూతిమీద వేలు పెట్టి, "మెల్లగ బిడ్డా, మెల్లగ. రఘుపతి కాక పండుకున్నడు," అనేదాన్ని. మిగతావాళ్ళూ మెల్లగానే చదివేవాళ్ళు. ఐదుగురు పిల్లలు, ఒక ముసలమ్మ, గుసగుసగా చదువు. అందులో వింత ఉందని నాకు ఎంతమాత్రం తోచలేదు.

మూడు వారాలకు నలుగురూ గాడిన పడ్డారు. కిషన్ రెండు వాక్యాలు ఆగకుండా చదివి, ఏదో బహుమతి గెలిచినట్టు నా మొహం చూశాడు. సహస్ర మాత్రం అలాగే ఉంది. వసారా స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటుంది. పుస్తకం తెరుస్తుంది. పెదవులు కదులుతాయి. వంగి చెవి దగ్గర పెడితే ఊపిరి తప్ప ఏమీ వినపడదు. అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటంటే నా కళ్ళలోకి చూసి మళ్ళీ పెదవులు కదుపుతుంది. రెండు వారాలు ఓపిక పట్టాను. మూడో వారం నా మీద నాకే విసుగొచ్చి, సారు రాసిన మాటనే నేనూ నా కాగితం మీద రాసుకున్నాను. అక్షరాలు కూడా రావు.

తర్వాతి సోమవారం రేషన్ దుకాణంలో వేలిముద్ర వెయ్యడానికి పొద్దున్నే వెళ్ళాల్సి వచ్చింది. కిషన్ ఎట్లాగో కూడబలుక్కుంటాడులే అని పలక మీద రాసి తలుపుకు తగిలించాను. 'రేషన్ దుకాణానికి పోయిన. తాళంచెవి మొల్లచెట్టు కుండీ వెనుక ఉన్నది. తలుపు తీసి చాపలు పరుచుకోండి. దప్పికైతే కుండలో నీళ్ళు తాగండి.'

నేను బియ్యం సంచి మోసుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి కిషన్, మిగతా ముగ్గురూ నాకంటే పది అడుగుల ముందు నడుస్తున్నారు. అప్పుడే వస్తున్నారు. ఇంటి తలుపు తీసి ఉంది. వసారాలో ఐదు చాపలు వరుసగా పరిచి ఉన్నాయి. సహస్ర స్తంభం దగ్గర కూర్చుని ఉంది. పక్కన నీళ్ళు తాగిన గ్లాసు బోర్లించి ఉంది.

"తాళం ఎవలు తీసిన్రు?" అన్నాను.

తన వైపు వేలు చూపించుకుంది.

"చెవి ఏడున్నదో నీకెట్ల ఎరుక?"

లేచి వచ్చి, నా భుజం పట్టి కిందికి లాగి, చెవిలో చెప్పింది. "నువ్వే రాసినవు గదవ్వా."

బియ్యం సంచి అక్కడే దించాను. పలక తుడిచి 'లోపల గూట్లో నీలం గిన్నె ఉన్నది తే' అని రాశాను. వెళ్ళి తెచ్చింది. 'అందులో ఎన్ని చింతగింజలు ఉన్నాయో వేళ్ళతో చూపించు' అని రాశాను. ఏడు వేళ్ళు చూపించింది. సారు ఇచ్చిన పుస్తకాల్లో దేంట్లో ఏముందో అడిగితే చెవిలో చెప్పుకుంటూ పోయింది. పన్నెండూ చదివేసింది. మిగతా నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"మరి సారు ముందట ఎందుకు చదువలే?"

"చదివిన," అంది చెవిలో. "సారుకు ఇనవడలే."

"గట్టిగ చదువాలె బిడ్డా."

తల అడ్డంగా ఊపి, చూపుడువేలు మూతిమీద పెట్టుకుంది. అది నేను చేసే సైగ. మూడు వారాలుగా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని రోజుకు ఇరవై సార్లు చేసిన సైగ.

ఆ రోజే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. రెండు గదుల కంపెనీ క్వార్టరు. సహస్ర నాయన భూపాల్, అతని తమ్ముడు శివ, ఇద్దరిదీ బొగ్గు బాయి పనే. ఇద్దరివీ వేర్వేరు షిఫ్టులు, వారం వారం మారతాయి. ఒకరు డ్యూటీ దిగితే ఒకరు ఎక్కుతారు. అంటే ఆ ఇంట్లో పగలూ రాత్రీ ఎవరో ఒకరు నిద్రలోనే ఉంటారు. కిటికీకి నల్ల దుప్పటి మేకులతో కొట్టి ఉంది. తల్లి అనసూర్య నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టింది. పొయ్యి మీద కుక్కరు ఉంది. ఆవిరి పట్టి కూత వేయబోయే లోపల చెంచాతో మూత మీది బరువును మెల్లగా ఎత్తి పట్టుకుంది. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది. గిన్నె దించేచోట గుడ్డ పరిచింది.

నా ఇల్లు నాకు కనిపించింది. నేనూ ముప్పై ఏళ్ళు అట్లానే చెంచాతో కూత ఆపాను. తలుపు గడియకు కొబ్బరినూనె రాశాను. తిరుమల కాళ్ళ పట్టీల మువ్వలు నేనే కత్తిరించాను. బడిలో టీచరు "మీ పిల్ల నోట్ల మాట ఉండది" అంటే, ఎంత బుద్ధిమంతురాలో అని పొంగిపోయాను.

"పుట్టినకాన్నుంచి గంతే అక్కా," అంది అనసూర్య, గుసగుసగానే. "ఏడిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టిన. ఏం జెయ్యాలె? నిద్ర సాలక బాయిల దిగితే పానం మీదికొస్తది. ఈయనతోటి పనిజేసే ఆయనకు గట్లనే కన్నంటుకొని కాలు పోయింది."

ఆమెను ఏమనగలను? అనడానికి నాకు మొహం లేదు. లోపలి గదిలోంచి భూపాల్ లేచి వచ్చాడు. మా మాటలకే మెలకువ వచ్చిందేమో అని అనసూర్య వణికింది.

"నీ బిడ్డకు చదువొస్తది తమ్మీ," అన్నాను. "అందరికంటే మంచిగొస్తది. గొంతే లేస్తలేదు."

"నువ్వు మంచిదానివక్కా, గందుకే గట్లంటున్నవు," అన్నాడు. "ఇంట్ల మేమే ఇనలే. కాగితం నింపి పెట్టిన. సంతకమొక్కటే బాకి. ఆడికి పోతేనన్న నాలుగు మాటలు నేర్సుకుంటదేమో."

టీవీ పక్కన, మడత నలగకుండా, దరఖాస్తు ఉంది. తండ్రి మంచి కోరే పంపుతున్నాడు. అదే నాకు ఎక్కువ దుఃఖంగా తోచింది. సహస్ర గోడ పక్కన నిలబడి కాలి బొటనవేలితో నేల మీద రాస్తోంది. చప్పుడు లేకుండా ఏడవడం కూడా ఆ పిల్లకు వచ్చు.

మర్నాడు ఒక్కదాన్నే నా ఇంటి లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. "ఇక్కడ ఎవలు లేరు. మొత్తుకో," అన్నాను. చాలాసేపు నన్నే చూసి, పుస్తకం తెరిచి, మొదటి మాటను కొద్దిగా పైకి అంది. అంతే, నా చెయ్యి దానంతటదే లేచి నా మూతిమీదికి వచ్చింది. సదయ్య పడుకునే మంచం ఆ గదిలోనే ఉంది. కిటికీకి ఆయన కొట్టిన నల్ల దుప్పటి ఇంకా అట్లాగే ఉంది. రెండేళ్ళుగా ఎవరూ పడుకోని మంచం కోసం నేను పిల్ల నోరు మూయబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. సహస్ర పుస్తకం మూసేసింది.

అందుకని ఇల్లు వదిలి బయటపడ్డాం. కాలనీ దాటాక బొగ్గు బండ్లు పోయే రైలు పట్టా ఉంది. రామగుండం కరెంటు కేంద్రానికి దానిమీదే గూడ్సు వెళుతుంది. పట్టాకు దూరంగా, పాత కల్వర్టు గోడ మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. పొద్దున ఆరున్నరకు ఒక బండి తప్పనిసరిగా వచ్చేది. ఆ వేళకే గోడ వెచ్చబడేది.

"బండి పోతాంటే ఎంత మొత్తుకున్నా ఎవలకు ఇనవడది," అని చెప్పాను. "నాకు సుత ఇనవడది. నీ ఇష్టమున్నట్టు చదువు."

మొదటిరోజు బండి మొత్తం వెళ్ళిపోయేదాకా నన్ను చూస్తూ కూర్చుంది. రెండోరోజు పెదవులు కదిలాయి. నాలుగోరోజు మెడ నరాలు ఉబ్బడం చూశాను. నాకు ఒక్క ముక్క వినబడలేదు. చక్రాల మోత తప్ప లోకంలో ఏమీ లేదు. చివరి డబ్బా కల్వర్టు దాటే లోపలే నోరు మూసేసేది. ఎక్కడ ఆపాలో ఆ పిల్లకు డబ్బాల లెక్క వచ్చేసింది. యాభై తొమ్మిది. మేము ఇంటికి వచ్చేసరికి కిషన్ వాళ్ళు వసారాలో ఉండేవారు. వాళ్ళు గట్టిగా చదివినా నేనిక ఆపలేదు. రఘుపతి ఇంటికి వెళ్ళి, జూన్ పన్నెండు దాకా వెనక గదిలో పడుకొమ్మని అడిగాను. అతను కాసేపు బిత్తరపోయి, సరేనన్నాడు.

పది రోజులు అట్లా గడిచాయి. నాకు ఆశ సన్నగిల్లుతూ వచ్చింది. మోతలో ఎంత అరిచినా మోత ఆగాక గొంతు రాకపోతే ఏం లాభం? బడి తెరవడానికి నాలుగు రోజులుంది.

ఆరోజు సంతకు పోయిన మేక కథ చదువుతోంది. అది ఆ పిల్లకు ఇష్టమైన కథ. బండి వచ్చింది, పోతోంది. నేను ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని డబ్బాలు చూస్తున్నాను. చివరి డబ్బా దాటింది. మోత దూరమైంది. పక్కనుంచి కాస్త బొంగురుగా, వాళ్ళ నాయన గొంతులాంటి గొంతు వినబడింది.

"సంతలో ఎవరూ మేకను కొనలేదు. అందుకు మేక ఎంతో సంతోషించి..."

ఆగిపోయింది. పట్టా వైపు చూసింది. బండి లేదు. నేను తల తిప్పలేదు. తిప్పితే మళ్ళీ నోరు మూసేస్తుందని భయం. బండి వెళ్ళిన వైపే చూస్తూ, "తర్వాత?" అన్నాను.

సహస్ర చుట్టూ చూడడం ఓరకంటికి కనబడింది. తుమ్మచెట్లు, పట్టా, నేను. పడుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

"ఇంటికి వచ్చింది," అంది.

జూన్ పన్నెండున బడి తెరిచారు. నేను పొయ్యి వెలిగించి, గరిటె చేతిలోనే పట్టుకుని హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడ్డాను. భూపాల్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. కంటి అంచుల్లో బొగ్గు ఇంకా పోలేదు. చొక్కా జేబులో దరఖాస్తు మడిచి ఉంది. వామనరావు సారు పిల్ల ఎప్పుడూ చూడని కొత్త పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి ఇచ్చారు.

"చదువమ్మా."

సహస్ర పేజీ చూసింది. తండ్రిని చూసింది. పెదవులు కదిలాయి. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. సారు నా వైపు చూసి, కలం మూత తీశారు. కల్వర్టు మీద వచ్చిన గొంతు ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. అప్పుడు భూపాల్‌ను చూశాను. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా పనిచేసిన మనిషి, కళ్ళు మూతలు పడుతున్నాయి. పిల్ల చూస్తున్నది ఆ కళ్ళనే.

"భూపాల్," అన్నాను. "కండ్లు మూయకు తమ్మీ. నువ్వు పండుకుంటున్నవనుకుంటే అది చదువది."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత అరచేతులతో మొహం తుడుచుకుని, వెళ్ళి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను పండుకోలేదు బిడ్డా," అన్నాడు. "మెలకతోటే ఉన్న. చదువు."

చదివింది. మొదటి వాక్యం సన్నగా, రెండోది కొంచెం పైకి, మూడోదాన్నుంచి బయట వరండాలో వెళ్ళే పిల్లలు ఆగి చూసేంతగా. పేజీ అయిపోయినా ఆపకుండా రెండో పేజీ తిప్పింది. సారు కలానికి మూత పెట్టేశారు. ఎనిమిదేళ్ళలో కూతురి గొంతు మొదటిసారి వింటున్న మనిషి మొహం ఎట్లా ఉంటుందో ఆరోజు చూశాను. అతను జేబులోని కాగితం తీసి, ఇంకో రెండు మడతలు పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"గదే మళ్ళొక్కసారి చదువు," అన్నాడు.

నా పప్పు ఆరోజు కూడా మాడింది.

మర్నాటినుంచి మా వసారా ఖాళీ. అది తెలిసిందే అయినా, పొద్దున ఎనిమిదికి చాపలు తీసి, మళ్ళీ చుట్టి పెట్టాను. పిల్లలు బడిలో కనబడి నవ్వుతారు, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడతారు. సహస్ర ఇప్పుడు "అవ్వా, ఇంకింత పప్పు" అని గట్టిగానే అడుగుతుంది. ఇంట్లో కూడా చదువుతోందట. పిల్ల చదువుతుంటే భూపాల్‌కు ఇంకా మంచిగా నిద్ర పడుతోందని అనసూర్య చెప్పింది. సంతోషమే. కాని మూడింటికి ఇల్లు చేరి తాళం తీస్తే, ఆ నిశ్శబ్దం నాకు ఇంతకుముందు కంటే కష్టంగా ఉంది.

ఆ ఆదివారం లోపలి గదిలో స్టూలు వేసుకుని కిటికీ దుప్పటి మేకులు పీకాను. దుమ్ము మీద పడింది. సదయ్య మంచం మీద ఎండ పడింది. ఆ మంచం మీదే కూర్చుని తిరుమలకు ఫోను చేశాను.

"తిన్నవా అమ్మా," అంది, ఎప్పటిలాగే గొణుగుతున్నట్టు.

"ఆడ ఎవలన్న పండుకున్నరా?"

"లేరు. ఒక్కదాన్నే ఉన్న. ఎందుకు?"

"మరి గంత మెల్లగ ఎందుకు మాట్లాడుతున్నవు?"

"నేనెప్పుడు గిట్లనే మాట్లాడుత గద," అంది.

తప్పు నాదే బిడ్డా అని చెప్పాలనుకున్నాను. పక్కన మేక కథ పుస్తకం ఉంది. తెరిచి, "ఇను," అని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ముప్పై రెండేళ్ళ కూతురికి, ఫోనులో. పెట్టేస్తుందనే అనుకున్నాను. పెట్టలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. "సంతలో ఎవరూ మేకను కొనలేదు. అందుకు మేక ఎంతో సంతోషించి," అని చదివి పేజీ తిప్పబోయి ఆగాను.

"తర్వాత?" అంది తిరుమల, గుసగుసగా.

నాకు వినపడింది. చాలా స్పష్టంగా వినపడింది.

"ఇనవడలే బిడ్డా," అన్నాను. "గట్టిగ అడుగు."

ఫోను చెవికి ఆనించుకుని, కూర్చున్నాను.